సన్యాసి పీతకు సొంత ఇల్లు లేదు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఈ రెండింటిలో మొదటి బాధ లేని ప్రాణి ఒకటి మన సముద్ర తీరంలో వుంది. అది ఇల్లు కట్టదు, కొనదు, అద్దె కూడా ఇవ్వదు. చచ్చిపోయిన నత్తలు వదిలేసిన గుల్లల్లో దూరి బ్రతుకుతుంది. అది నడిస్తే ఇల్లు కూడా నడుస్తుంది. దానిని ఇంగ్లీషులో ‘హెర్మిట్ క్రాబ్’ అనీ, తెలుగులో ‘సన్యాసి పీత’ అనీ అంటారు.

పేరు పెట్టినవారు దాన్ని గుహలో ఒంటరిగా కూర్చున్న మునిగా వూహించి వుంటారు. వీటిలో ఒక ప్రజాతి పేరు ‘డయోజెనిస్’. పూర్వం గ్రీసు దేశంలో పెద్ద మట్టి జాడీలో కాపురమున్నాడని చెప్పే తత్వవేత్త పేరు అది. మరొక ప్రజాతి పేరు ‘సీనోబైటా’, అనగా మఠవాసి. కాని కాసేపు దగ్గర కూర్చుని చూస్తే దీనిలో సన్యాసి లక్షణం ఒక్కటీ కనబడదు. ఇంటి కోసం వెతుకులాట, ఇంటి కోసం కొట్లాట, ఇరుకు ఇంట్లో అవస్థ, పెద్ద ఇల్లు దొరికితే పరుగు పరుగున సామాను మార్చడం – ఇదంతా అచ్చంగా సంసారి బ్రతుకే.

సముద్రం మొహం చూడాలంటే ఒక రాత్రి రైలెక్కాల్సిన దుండిగల్ వాడికి ఈ పీత గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. దుండిగల్ అనగానే అందరికీ ఎయిర్ ఫోర్స్ అకాడెమీ, ఆకాశంలో శిక్షణ విమానాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం మా పొలం గట్టు గుర్తొస్తుంది. మాది వ్యవసాయ కుటుంబం. మా వైపు పీతను ఎండ్రికాయ అంటాం. అది గట్టుకు బొక్క పెట్టిందంటే రాత్రికి రాత్రి పై మడిలో నీళ్ళు కింది మడిలోకి దిగిపోతాయి. “ఎండ్రికాయ బొక్క వడ్డదంటే గట్టు ఆగదు బిడ్డా, పొద్దుగాల్నే పోయి చూసుకోవాలె” అని మా నాయిన ఇప్పటికీ అంటడు. అందుచేత పీత నాకు పాఠ్యపుస్తకంలో బొమ్మగా కాక, నీళ్ళు పోగొట్టే పొరుగువాడిగా ముందు పరిచయమయింది.

గత సంవత్సరం మా జువాలజీ విద్యార్థులం విజ్ఞాన యాత్రకు కాకినాడ వెళ్ళాం. కోరంగి మడ అడవుల్లో, నీరు తీసిన బురద మీద, సన్యాసి పీతలను మొదటిసారి చూశాను. ఈ సముద్రపు పీతను, మా పొలం ఎండ్రికాయను పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఒక ప్రాణి ఏ ప్రాంతాల్లో వుంటుంది, ఎంత పెరుగుతుంది, ఏ రూపంలో వుంటుంది – ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చాలా వరకు దాని ఇంట్లోనే దొరుకుతుంది. దాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు కవచం, వెనుక మెత్తదనం

రొయ్యలు, ఎండ్రికాయలు, సన్యాసి పీతలు అన్నీ పది కాళ్ళ జీవులే. వీటిని డెకాపొడా అనే క్రమంలో చేర్చారు. అయితే సన్యాసి పీత అసలు పీత కాదు. దానిది అనోమ్యూరా అనే వేరే శాఖ. మన ఎండ్రికాయకు ఒళ్ళంతా గట్టి పెంకు. దాని పొట్ట భాగం చిన్నదై, మడతబడి రొమ్ము కింద అతుక్కుని వుంటుంది. సన్యాసి పీతకు తల, రొమ్ము, కాళ్ళు మాత్రమే గట్టివి. వెనుక పొట్ట భాగం పొడుగ్గా, వంకరగా, వేలితో నొక్కితే సొట్ట పడేంత మెత్తగా వుంటుంది. చేపలకూ, పక్షులకూ ఇంతకంటె మంచి భోజనం వుండదు. కాబట్టి దానికి గుల్ల కావాలి. గుల్ల దానికి సోకు కాదు, ప్రాణం.

తమాషా ఏమిటంటే, వీటిలో ఒక ప్రజాతికి ‘క్లైబనేరియస్’ అని పేరు. లాటిన్ భాషలో ఆ మాటకు నిలువెల్లా కవచం తొడిగిన రౌతు అని అర్థం. ముందు వైపు చూస్తే ఆ పేరు సరిపోతుంది. వెనుక వైపు చూస్తే ఆ రౌతు ఒంటి మీద చొక్కా కూడా లేదు.

గుల్లలో వుండటానికి తగినట్టు దాని శరీరమే మారిపోయింది. లోకంలో ఎక్కువ నత్త గుల్లలు కుడి వైపుకు చుట్టుకుని వుంటాయి. సన్యాసి పీత పొట్ట కూడా ఆ మెలికకు తగినట్టే తిరిగి వుంటుంది. పొట్ట మీద కుడి వైపు చిన్న కాళ్ళు చాలావరకు లోపించి, ఎడమ వైపువి మిగిలాయి. ఆడది గుడ్లను ఆ ఎడమ వైపు కాళ్ళకే అంటించుకుని గుల్ల లోపల మోస్తుంది. తోక చివర కొక్కెంలాంటి అవయవాలుంటాయి. వాటిలో ఎడమది పెద్దది. దానితో గుల్ల నడిమి స్తంభాన్ని పట్టుకుంటుంది. పది కాళ్ళలో మొదటి జత పట్టుకారులు, తర్వాతి రెండు జతలు నడవడానికి. చివరి రెండు జతలు చిన్నవై, గుల్ల గోడలకు ఆనించి పట్టు నిలుపుకోవడానికి పనికొస్తాయి. బలవంతంగా లాగితే ఒక్కోసారి శరీరం తెగుతుంది గాని పీత బయటికి రాదు. ఇంటి మీద మమకారం అంటే అది!

పొలం పీత పొలంలోనే, సముద్రపు పీత దేశదేశాలా

ఇక వ్యాప్తి సంగతి. మడ అడవుల్లో, నదీ ముఖద్వారాల్లో కనిపించే సన్యాసి పీతల్లో ముఖ్యమైనది క్లైబనేరియస్ లాంగిటార్సస్. లాంగిటార్సస్ అంటే పొడుగు గోటి కాలుది. నడిచే కాళ్ళ చివరి కణుపు పొడుగ్గా వుండటం వల్ల ఆ పేరు వచ్చింది. డి హాన్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు 1849లో జపాన్ జంతుజాలం మీద వ్రాసిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ఇదే జాతి తూర్పు ఆఫ్రికా తీరం నుంచి మన దేశం మీదుగా జపాన్, ఆస్ట్రేలియా వరకు వుంది. అంగుళాల లెక్కన నడిచే ఈ చిన్న ప్రాణి అంత దూరం ఎట్లా పోయింది?

నడిచి పోలేదు, కొట్టుకుపోయింది. సన్యాసి పీత గుడ్లు పొదిగి నీటిలోకి వదిలేసినప్పుడు వచ్చేది పీత పిల్ల కాదు. జోయియా అనే, కంటికి ఆనీ ఆనని డింభకం. అది కొన్ని వారాలు సముద్రపు పై నీటిలో ప్రవాహాల వెంట తేలుతూ, దశలు మారుతూ పోతుంది. చివరి దశలో తీరానికి చేరి, అతి చిన్న గుల్ల ఒకటి వెతుక్కుని నేల మీద కాపురం మొదలుపెడుతుంది. తరాల తరబడి ఇట్లా జరిగితే ఒక జాతి సముద్రమంతా పరుచుకోవడంలో వింత లేదు.

మన ఎండ్రికాయ కథ దీనికి పూర్తిగా ఎదురు. హైదరాబాదు పరిసరాల్లో దొరికే బారిటెల్‌ఫ్యూసా వంటి మంచినీటి పీతలకు తేలిపోయే డింభక దశ లేదు. గుడ్డులోంచి చిన్న ఎండ్రికాయే వస్తుంది. తల్లి పొట్ట మడత కింద ఆవగింజల్లాగా పిల్లలు అతుక్కుని వుండటం పొలంలో పని చేసినవాళ్ళందరూ చూసిందే. ఆ పిల్లలు తల్లి వదిలిన చోటనే, అదే వాగులో, అదే చెరువు కింద, అదే గట్టులో పెరుగుతాయి. అందువల్ల మంచినీటి పీతలు ప్రాంతానికొక జాతిగా విడిపోయాయి. ఒకటి లోకసంచారి, ఒకటి పల్లెటూరి కాపు.

కోరంగి పేరు విన్నప్పుడు నాకు మరో పోలిక తట్టింది. ఒకప్పుడు ఆ రేవు నుంచి మన తెలుగువాళ్ళు ఓడలెక్కి బర్మాకు కూలికి పోయేవారు. అక్కడ వాళ్ళను ‘కోరంగీలు’ అనేవారు. మన తూర్పు తీరంలో వుండే మరో సన్యాసి పీత, క్లైబనేరియస్ పడావెన్సిస్, శాస్త్ర గ్రంథాలకెక్కింది ఆ బర్మా దక్షిణ తీరంలోని మెర్గీ దీవుల నుంచే. కలకత్తా ఇండియన్ మ్యూజియం తరపున జాన్ ఆండర్సన్ సేకరించిన నమూనాలను చూసి డి మాన్ అనే శాస్త్రజ్ఞుడు 1888లో దానికి పేరు పెట్టాడు. మనుషులు ఓడల్లో దాటిన బంగాళాఖాతాన్ని డింభకాలు ఓడ లేకుండానే దాటాయి.

మన దేశంలో ఈ జీవులను వరసగా పరిశీలించినవారిలో ఇద్దరిని తలచుకోవాలి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పిన హెండర్సన్ 1893లో భారతీయ పీతలు, రొయ్యల జాతుల మీద పెద్ద వ్యాసం ప్రచురించాడు. ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన ఆల్కాక్ 1905లో ఒక్క సన్యాసి పీతల కోసమే ఒక కేటలాగు తయారుచేశాడు. వారిలో ఒకరు మనలాంటి విద్యార్థులకు క్లాసులు చెప్పుకుంటూనే ఆ పని చేశారని గమనించాలి.

బురదకు ఒకటి, ఇసుకకు ఒకటి

దేశాలు దాటిన జాతి కూడా ఒక తీరంలో దిగాక ఎక్కడబడితే అక్కడ వుండదు. మన తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు తీస్తుంది. ఈ ఆటుపోట్ల నడుమ మునుగుతూ తేలుతూ వుండే నేల చిత్రమైన చోటు. పూటకోసారి ఎండ, పూటకోసారి నీరు. వానాకాలం గోదావరికి వరదొస్తే ముఖద్వారంలో వుప్పదనం తగ్గిపోతుంది, ఎండాకాలం పెరుగుతుంది. ఇన్ని మార్పులకు తట్టుకున్నవే అక్కడ బ్రతుకుతాయి.

ఇక్కడ కూడా ఇల్లే ఆదుకుంటుంది. నీరు తీసినప్పుడు సన్యాసి పీత గుల్లలో కాస్త నీరు నిలవ చేసుకుంటుంది. ఆ తడితో మొప్పలు ఎండిపోకుండా వుంటాయి. కోరంగిలో మేము చూసినప్పుడు ఎండ పడే బురద మీద అవి తక్కువగా, మడ చెట్ల వేళ్ళ నీడలో గుంపులు గుంపులుగా వున్నాయి. క్లైబనేరియస్ జాతులు ఇట్లా ఒకచోట పోగవడం మామూలే. మడ చెట్టు శ్వాస వేర్లు బురదలోంచి మేకుల్లాగా పైకి లేచి వుంటాయి. వాటి మధ్య తడి, నీడ, కుళ్ళిన ఆకుల తిండి మూడూ దొరుకుతాయి.

బురదలో తిరిగే క్లైబనేరియస్‌కు రెండు పట్టుకారులూ దాదాపు సమానంగా వుంటాయి. రెండింటితోనూ బురద ఎత్తి నోటికి అందించుకుంటుంది. ఇసుక తీరాల్లో ఎక్కువగా కనిపించే డయోజెనిస్‌కు ఎడమ పట్టుకారు బాగా పెద్దది. అది లోపలికి ముడుచుకున్నప్పుడు ఆ పెద్ద పట్టుకారు గుల్ల వాకిలికి తలుపులాగా అడ్డం పడుతుంది. పట్టుకారులు చూస్తే చాలు, ఏ ప్రజాతిదో చాలావరకు చెప్పవచ్చు. ఒకే తీరంలో రెండు అడుగులు పక్కకు వేస్తే బురద పోయి ఇసుక వచ్చినట్టు, పీత కూడా మారిపోతుంది.

ఒకే జాతిలో ఇన్ని రూపాలా?

ఒకే జాతి పీతలు నాలుగు తెచ్చి పళ్ళెంలో పెడితే నాలుగూ నాలుగు తీరులుగా కనిపిస్తాయి. ఒకటి సన్నని పొడుగు గుల్లలో, ఒకటి గుండ్రని నెరైటా గుల్లలో, ఒకటి కోన్ ఆకారపు టెలిస్కోపియం గుల్లలో. ముందుగా గుల్లను మరచిపోయి లోపలి ప్రాణిని చూడటం నేర్చుకోవాలి. లాంగిటార్సస్ నడిచే కాళ్ళ మీద నిలువునా లేత నీలి చార వుంటుంది. ఇటువంటి చారలు, రంగులు బ్రతికి వున్నప్పుడు జాతిని పోల్చుకోవడానికి మంచి గుర్తులు. సారాయి సీసాలో వేసి నిలవ వుంచితే రంగులు వెలిసిపోతాయి. అందుకే లేబొరేటరీ సీసాలో నమూనాకంటె బురదలో నడిచే ప్రాణి ఎక్కువ పాఠం చెబుతుంది.

సాధారణంగా మగవి ఆడవాటికంటె పెద్దవి. ఆడామగా తేడా గుర్తించడానికి కాళ్ళ మొదళ్ళలోని రంధ్రాలు చూడాలి. ఆడదానికి మూడో జత కాళ్ళ మొదట, మగదానికి అయిదో జత మొదట వుంటాయి. గుల్లలో వుండగా ఇవి కనబడవు.

అసలైన వింత పరిమాణంలో వుంది. డెకాపొడా జీవులన్నీ పాత పెంకు విడిచి కొత్త పెంకు తొడుక్కున్నప్పుడే పెరుగుతాయి. దీన్నే మోల్టింగ్ అంటాం. ఎండ్రికాయ తన బొక్క చాలకపోతే ఇంకాస్త తవ్వుకుంటుంది. సన్యాసి పీతకు ఆ వీలు లేదు. గుల్ల పెరగదు. ఇరుకు గుల్లలో వుండిపోయిన పీత పెంకు విడిచినా అంతగా పెరగదు. అదే వయసుది, అదే తిండి తిన్నది, పెద్ద గుల్ల దొరికితే గబగబా పెరుగుతుంది. చిన్న గుల్లలోని ఆడది పెట్టే గుడ్లు కూడా తక్కువే. కాబట్టి ఒక తీరంలో పీతలు చిన్నవిగా, మరో తీరంలో పెద్దవిగా వుంటే అవి వేరు జాతులని వెంటనే అనుకోరాదు. మొదట ఆ తీరంలో ఏ నత్తలు చచ్చి ఏ గుల్లలు మిగిలాయో చూడాలి.

గుల్ల బరువు కూడా ఒక లెక్కే. దళసరి గుల్ల మండపీత వంటి శత్రువు విరచలేనంత గట్టిది, కాని మోయడానికి కష్టం. పలుచని గుల్ల తేలిక, కాని గండం. ఏ ఇంట్లోనూ అన్ని సుఖాలూ వుండవు.

ఖాళీ అయిన ఇల్లు, కదిలే వరస

మన హాస్టల్లో ఫైనలియర్ విద్యార్థి ఒకడు వెళ్ళిపోతే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. కిటికీ పక్క మంచం ఖాళీ అవుతుంది. తలుపు దగ్గరివాడు అక్కడికి మారతాడు. వరండాలో చాప మీదివాడు తలుపు దగ్గరికి వస్తాడు. వెళ్ళింది ఒక్కడు, బాగుపడింది ఇద్దరు. సన్యాసి పీతల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఒక పెద్ద ఖాళీ గుల్ల దొరికితే పీత మొదట పట్టుకారులతో తడిమి, వాకిలి కొలిచి, లోపల ఇసుక వుంటే దులిపి, నచ్చితే రెప్పపాటులో మారిపోతుంది. అది వదిలిన గుల్లలోకి ఇంకో చిన్నది, దాని గుల్లలోకి మరీ చిన్నది. అమెరికాలో ఐవన్ చేజ్ అనే సమాజ శాస్త్రవేత్త 1980ల్లో దీన్ని పరిశీలించి, మనుషుల ఉద్యోగాలు, ఇళ్ళు చేతులు మారే లెక్కలను పీతలకు అన్వయించి చూపాడు. ఒక్క గుల్ల కలిస్తే మొత్తం వరసకే మేలు.

అన్నీ ఇంత శాంతంగా జరగవు. మంచి గుల్ల వున్నదాని మీదికి పోయి, తన గుల్లతో దాని గుల్లను టక టక కొట్టి, విసిగించి, వెళ్ళగొట్టే దౌర్జన్యం కూడా వుంది. అయితే ఆ దౌర్జన్యం సాటి పీతల మీదే. బ్రతికి వున్న నత్తను చంపి గుల్ల లాక్కోవడం వీటిలో అరుదు. చచ్చినదాని సొత్తే వీటికి ఆస్తి.

ఇల్లు కరువైతే

ఇప్పుడు మేలు మాటను తిరగేసి చూడాలి. ఒక్క గుల్ల కలిస్తే వరసకంతా మేలయితే, ఒక్క గుల్ల తీసేస్తే వరసకంతా కీడే. మనం బీచికి పోయి ఏరుకొచ్చే ఖాళీ గుల్ల నిజానికి ఖాళీది కాదు. అది రేపటి పీతకు నేడు ఎదురుచూసే ఇల్లు. మన తీరంలో గుల్లలు కాల్చి సున్నం చేయడం ఎప్పటినుంచో వుంది. గుల్లలతో అద్దాలు, దండలు, బొమ్మలు చేసి బీచిల్లో అమ్మడం కూడా వుంది. వాటి మీద బ్రతికే పేదవాళ్ళను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో 2001లో కొన్ని జాతుల శంఖాలను, గవ్వలను చేర్చారు. 1978 నుంచి కోరంగి అభయారణ్యం. అక్కడి నుంచి మేము ఒక్క గుల్ల కూడా తేలేదు. నోటు పుస్తకాల్లో బొమ్మలు వేసుకుని వచ్చాం.

గుల్ల తీసేసి దాని స్థానంలో మనం ఏం పెడుతున్నామో కూడా చూడాలి. హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో, పసిఫిక్‌లోని హెండర్సన్ దీవిలో ప్లాస్టిక్ సీసాలలోకి దూరి బయటికి రాలేక చచ్చిన నేల సన్యాసి పీతల మీద 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. కోకోస్‌లో సుమారు 5,08,000, హెండర్సన్‌లో సుమారు 61,000 అని వారి అంచనా. ఒక పీత చస్తే ఆ వాసన ‘ఇల్లు ఖాళీ’ అని మిగతావాటికి కబురు. ఆ కబురు విని అవి కూడా అదే సీసాలోకి దిగుతాయి. తరతరాలుగా వాటిని బ్రతికించిన తెలివే వాటికి ఉరి అయింది.

ఇది దూరదేశపు సంగతి అనుకోవద్దు. మా దుండిగల్ చుట్టూ, మేడ్చల్, శామీర్‌పేట వైపు, ఒకప్పుడు వరి మడులున్న చోట ఇవాళ రాళ్ళు పాతిన ప్లాట్లున్నాయి. గట్టు లేదు, మడి లేదు, బొక్క పెట్టే ఎండ్రికాయా లేదు. సన్యాసి పీత డింభకాలైనా ఒక తీరం పోతే మరో తీరానికి కొట్టుకుపోగలవు. ఎండ్రికాయకు ఆ దారి లేదు. దానికి వున్నదల్లా ఆ చెరువు, ఆ కాలువ, ఆ గట్టు. అది పోతే ఆ చోటి ఎండ్రికాయ అక్కడితో సరి. “వట్టి ఎండ్రికాయ పోతే ఏమైతదిరా” అని మా ఊళ్ళో ఒక పెద్దాయన నవ్వాడు. గట్టు పోయినందుకే ఎండ్రికాయ పోయిందని, గట్టు వున్న చోటనే మనకు బువ్వ వుంటుందని నేనన్నాను. ఆయన నవ్వడం మానేసి, “అది నిజమే బిడ్డా” అన్నాడు.

జంతుశాస్త్రం చదివితే ఏమొస్తుందని మమ్మల్ని అడిగేవారు చాలామంది. ఒక్క సంగతి మాత్రం వచ్చింది. ఏ ప్రాణి గురించి అడిగినా ముందు దాని పేరు కాక, దాని ఇల్లు ఎట్లా వుందని అడగాలి. విద్యార్థి మిత్రులారా, ఈసారి విశాఖకో కాకినాడకో యాత్ర పోయినప్పుడు ఇసుక మీద ఒక గుల్ల నడుస్తూ కనిపిస్తే కాసేపు కదలకుండా కూర్చోండి. ముందు రెండు కళ్ళు, తర్వాత రెండు పట్టుకారులు బయటికొస్తాయి. కడుపారా చూడండి, దాన్ని అక్కడే వదలండి. పక్కన ఖాళీ గుల్ల వున్నా అదీ అక్కడే వదలండి. దాని కోసం ఒక వరస ఎదురుచూస్తూ వుంటుంది.

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, దుండిగల్